పెదనాన్న నోరు కడుక్కున్న ఎన్నికలు

మా పెద్దమ్మకు ఎనభై దాటి ఎన్నేళ్ళయిందో ఆవిడకే తెలియదు. అడిగితే "గెడ్డకి పెద్ద వరదొచ్చినప్పటికి నాకు పాలపళ్ళు ఊడతన్నాయి" అంటుంది. మా ఊరి వాగుకి ఏ వరదో మాత్రం చెప్పదు. ఆవిడను చూసి చాలా రోజులైందని ఈమధ్య విజయనగరంలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, పదకొండు మంది కూర్చున్న ఆటోకి పన్నెండోవాడిగా వేలాడుతూ ఊరు చేరాను. వెళ్ళేసరికి ఆవిడ టీవీకి ముక్కు ఆనించి కూర్చుని ఉంది. తెర మీద ఒక పెద్దమనిషి. ఆయన చొక్కా ఇస్త్రీ మడతతో కూరగాయలు తరగవచ్చు, అంత పదును. ఆ చొక్కాలో ఉండి ఆయన ఎదుటి పార్టీ పెద్దమనిషి తల్లిని గురించీ, ఆమె కాన్పును గురించీ రాష్ట్రప్రజలకు వివరిస్తున్నాడు. వెనక నిలబడ్డ నలుగురూ గుళ్ళో పురాణం వింటున్నట్టు తలలూపుతున్నారు. టీవీవాళ్ళు మధ్యమధ్యలో 'కీ' అని ఒక కూత వేసి మాటలు కప్పెడుతున్నారు గాని, కూతలే ఎక్కువైపోయి నేనింకా రైలు దిగలేదేమోనని అనుమానం వచ్చింది.

"పెద్దమ్మా, ఏటిది?" అన్నాను చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి.

"ఉండరా బావు, ఇప్పుడే మంచి పట్టు మీదున్నాడు. సీరియల్లో అత్త కూడా ఇంత బాగా తిట్టనేదు. కూకో, కూకో."

కూర్చోలేదు, కూలబడ్డాను. దేశం చెడిపోయిందని నేను వారానికో వ్యాసం రాస్తూనే ఉంటాను, పత్రికవాళ్ళు వేస్తూనే ఉంటారు, చదివినవాళ్ళు నవ్వి ఆ కాగితంలో పకోడీలు కట్టించుకుంటూనే ఉంటారు. అది నాకు అలవాటే. కానీ ఆ చెడు ఈ గడప దాటి లోపలికొచ్చి మా పెద్దమ్మ పక్కన చాప మీద కూర్చుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఎందుకంటే భూప్రపంచంలో బూతుమాటకు చోటు లేని ఇల్లంటూ ఒక్కటుంటే అది ఇదే.

నాన్నది బదిలీల ఉద్యోగం కావడంతో నన్ను తన అన్నగారు, ఈ పెద్దమ్మ భర్త అయిన సూర్నాయుడు పెదనాన్న దగ్గర ఉంచి చదివించాడు. ఆ ఇంట్లో పొద్దున్నే లేపేది కోడి కాదు. పెదనాన్న పెరట్లో గొంతు సవరించుకునేవాడు. ఆ చప్పుడుకి ఆమదాలవలస స్టేషన్లో నిద్రపోతున్న గూడ్సుబండి ఉలిక్కిపడి బయలుదేరేదని మా పిల్లలందరి నమ్మకం. కళ్ళు తెరిచేలోపే ముక్కు తెరుచుకునేది. ముందు పేడనీళ్ళ కళ్ళాపి వాసన, తర్వాత పొయ్యిలో తాటాకు మంట, ఆ వెనక రాత్రంతా పులిసిన చోడి అంబలి, అదే రాగి జావ. ఈ మూడింటినీ తొక్కుకుంటూ, గెడ్డలో నార కోసం నానేసిన గోగుకట్టల కంపు వచ్చేది. ఆ కంపు వర్ణించడానికి తెలుగులో మాటలున్నాయి గాని, అవన్నీ మా ఇంట్లో నిషేధించినవే. అంతటి కంపులో నడుంలోతు నీళ్ళలో దిగి నార తీసే మనిషి కూడా మా పెదనాన్న వినికిడిలో ఉన్నంతసేపూ నోరు జారేవాడు కాదు.

జారితే పద్ధతి ఒకటుండేది. పళ్ళకి పాచి పడితే తోముతాం కదా, నోటికి పాచిమాట పడితే తోమొద్దా అని పెదనాన్న వాదన. పెరట్లో వేపచెట్టు నుంచి పుల్ల విరుచుకోవాలి. చేదు చెవుల్లోంచి కారేదాకా నమలాలి. గుప్పెడు రాళ్ళుప్పు కలిపిన నీళ్ళతో పన్నెండుసార్లు పుక్కిలించాలి. ఆ తర్వాత తిట్టిన ప్రాణి ఎదుటికి వెళ్ళి "తప్పయిపోయింది" అనాలి. అంతవరకు కూడు లేదు. ప్రాణి అన్నానంటే తూచి అన్నాను. మా ఎద్దు పోలిగాడు ఒకసారి నా కాలు తొక్కితే, ఆ నొప్పిలో దాని వంశవృక్షాన్ని కొంచెం కదిపాను. పన్నెండు పుక్కిళ్ళూ అయ్యాక పాలేర్లందరి ముందూ దానికెదురుగా నిలబడి "తప్పయిపోయింది పోలిగా" అన్నాను. అది తోకతో నా చెంప వాయించింది. "దానికి కోపం తగ్గనేదు, మల్లీ సెప్పు" అంది పెద్దమ్మ గుమ్మంలోంచి. మూడుసార్లు చెప్పించుకుని గాని అది గడ్డి ముట్టలేదు.

ఈ శిక్షకి చిన్నాపెద్దా తేడా లేదు. ఒకసారి పొలం కొలవడానికొచ్చిన సర్వేయరు గొలుసు పట్టుకున్న మనిషిని ఏదో ఒక మాట అన్నాడు. మధ్యాహ్నం ఆయనకి విస్తరి వేసి, ఆ విస్తరి పక్కన వేపపుల్ల పెట్టారు. ఆయన విస్తరినీ పుల్లనూ మార్చి మార్చి చూశాడు. సర్కారు ఉద్యోగి, ఇంటికి అతిథి, పైగా ఆయన గొలుసు మెలి తిరిగితే మా పొలం అరెకరం తగ్గిపోయే ప్రమాదం ఉంది. ఆ రోజు కూర వంకాయ ఎండురొయ్యలు. చివరికి ఆయన నిట్టూర్చి పుల్లే అందుకున్నాడు.

ఇక ఎన్నికల సంగతి. మా ఊరి ప్రెసిడెంటు పదవికి పెదనాన్న నిలబడ్డాడు. గెడ్డ మీద వంతెన కట్టించాలని ఆయన కోరిక. వానాకాలంలో నెలలు నిండిన ఆడవాళ్ళని మంచం మీద మోసుకుని గెడ్డ దాటించేవారు. ఆయన తల్లి అలా దాటుతూనే పోయింది. అందుకని వంతెన అంటే ఆయనకి ఎన్నికల హామీ కాదు, గొంతులో ముల్లు. పోటీగా నిలబడ్డవాడు మూడిళ్ళ అవతలి లచ్చుమునాయుడు. అతని తల్లి నరసమ్మ, తల్లి పోయిన మా పెదనాన్నకి చిన్నప్పుడు కూడు కలిపి పెట్టిన మనిషి. ఆమెను ఆయన పిన్నీ అనేవాడు.

మా ఊళ్ళో ఎన్నికల మీటింగుకి ఒక కట్టడి ఉండేది. ఇద్దరికీ కలిపి ఒకే మైకు. రెండు మైకులు పెడితే ఎవడి మాటా వినపడదని పెద్దలు తేల్చారు. బడి ముందు ఒకే బల్ల, ఒకే మైకు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి, రెండోవాడు మాట్లాడుతున్నంతసేపూ మొదటివాడు అక్కడే కూర్చుని వినాలి. లచ్చుమునాయుడు మైకు తీసుకుని, "పొలం గట్టు జరిపి పక్కోడి సెక్క కలుపుకున్నోడు రేపు ఊరునేటి సేస్తాడు?" అన్నాడు. గట్టు జరిగిన మాట నిజమే. ఏటా దుక్కిలో బెత్తెడు చొప్పున అది దానంతటదే నడిచి వచ్చిందని మా పెదనాన్న నమ్మకం. ఆ నమ్మకం మీద దెబ్బ పడేసరికి ఆయన మైకు లాక్కుని, లచ్చుమునాయుడి తల్లిని కలిపి ఒక మాట అన్నాడు.

గెడ్డలో నీళ్ళు ఆగిపోయాయంటే మీరు నమ్మరు. నాకు మాత్రం ఆగిపోయినట్టే గుర్తు. నరసమ్మ ముందు వరసలోనే, బల్లకి నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంది. కొంగు భుజం చుట్టూ సర్దుకుని లేచి ఇంటికి నడిచింది. ఆ మాట అన్న నోరు కూడా మూతపడలేదు. పెదనాన్న అలా తెరిచిన నోటితోనే ఇంటికొచ్చాడు. వచ్చేసరికి మా పెద్దమ్మ పొయ్యిలో నీళ్ళు పోసేసి, అరుగు మీద కూర్చుని ఉంది.

"ఎన్నికలు ఎల్లుండే. ఇప్పుడెల్లి తప్పయిందంటే ఓడిపోతానే" అన్నాడు పెదనాన్న. ఆయన గొంతు అంత చిన్నదవడం అంతకుముందు నేను వినలేదు.

"ఓడిపో."

"వంతెనో?"

"కంపు నోటోడు ఏసిన వంతెన మీద ఎవులు నడుస్తారు? నాను నడవను."

మర్నాడు పొద్దున్న పెదనాన్న వేపపుల్ల నోట్లో పెట్టుకుని, ఉప్పు తువ్వాలు కొంగున కట్టుకుని, నడివీధిలోంచి లచ్చుమునాయుడి ఇంటికి నడిచాడు. వెనక ఊరు, ఊరి వెనక కుక్కలు, కుక్కల వెనక పక్క ఊరు. వాకిట్లో నిలబడి "పిన్నీ, సెంబుడు నీలియ్యి" అన్నాడు. నరసమ్మ చెంబు తెచ్చి పెట్టింది. ఆయన పన్నెండుసార్లూ పుక్కిలించి ఉమ్మాడు. ప్రతి పుక్కిలికీ ఊరంతా లోపల్లోపల లెక్కపెడుతోంది. తర్వాత ఆమె కాళ్ళ దగ్గర వంగి "తప్పయిపోయింది పిన్నీ" అన్నాడు.

"నోరు కడిగినావు సరే, కడుపేటి? పొద్దున్న ఏటైనా తిన్నావా?" అని లోపలికెళ్ళి అంబలి ముంత తెచ్చింది. "కూడు నీకు, ఓటు నా కొడుక్కి. ముందే సెప్తన్నాను, మల్లీ ఏడవకు."

చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని ఓట్ల తేడాతో పెదనాన్న ఓడిపోయాడు. తప్పు ఒప్పుకున్నవాడు తప్పు చేసినవాడే కదా అని జనం సులువుగా తేల్చేసుకున్నారు. ఫలితం తెలిసిన సాయంత్రం లచ్చుమునాయుడు మా ఇంటికొచ్చి, "గట్టు మాట నానూ కొంచెం పెంచి సెప్పినాను అన్నియ్యా" అని నసిగాడు. మా పెద్దమ్మ లోపలికెళ్ళి ఒక వేపపుల్ల తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఊరి కొత్త ప్రెసిడెంటు మా అరుగు మీద కూర్చుని అది మొత్తం నమిలాడు. వంతెన మాత్రం చాలా ఏళ్ళు రాలేదు. పెదనాన్న ప్రతి వానాకాలం గెడ్డ ఒడ్డున నిలబడి నీళ్ళ వంక చూసేవాడు. అయినా ఆ పొద్దుటి గురించి ఆయన బాధపడగా నేను చూడలేదు.

ఆ రోజుల్లో అందరూ ధర్మమూర్తులని నేను చెప్పబోవడం లేదు. గట్లు నడిచేవి, కొబ్బరికాయలు కంచెలు దూకేవి, పోలింగు పొద్దున ఎవరింట్లోనో మేకపోతు మాయమయ్యేది. కానీ తప్పు చేసినవాడు తల వంచుకుని వీధిలో నడిచేవాడు. ఇప్పుడు వాడికి దండలేస్తున్నాం. గుడి మెట్టు మీద కూర్చున్నవాడు జారితే వాడి నడుమే విరుగుతుంది. గోపురం మీది కలశం జారితే కింద దండం పెట్టుకుంటున్నవాళ్ళ తలలు పగులుతాయి. మనల్ని ఏలేవాళ్ళు, ఏలబోయేవాళ్ళు, ఏలి దిగిపోయినవాళ్ళు, వీళ్ళెవరూ ఈ విషయంలో ఒకరికొకరు తీసిపోలేదు. నోరే పెట్టుబడి, నోరే పదవి. పిల్లలు ముందు వాళ్ళ మాటలు నేర్చుకుని, ఆ తర్వాత అక్షరాలు నేర్చుకుంటున్నారు.

ఇలా నాలో నేను ఉపన్యాసం దంచుకుంటూ ఉండగానే గోపి వచ్చాడు. గోపి మా పెదనాన్న కొడుకు, నాకన్నా ఏడాది చిన్న. ఏ పార్టీ అని అడక్కండి. ఇప్పటికి మూడు మారాడు. ఏ పూట ఏ రంగు కండువా కప్పుకోవాలో ఇస్త్రీ చేసేవాడు గుర్తుచెయ్యాలి. వాడికి ఇప్పుడు పార్టీలో జిల్లా అధికార ప్రతినిధి పదవి కావాలి. మర్నాడు సాయంత్రం శ్రీకాకుళంలో సభ, పైనుంచి పెద్ద నాయకుడు వస్తున్నాడు, ఆయన ముందు వాడికి నాలుగు నిమిషాలు మైకు ఇస్తారు.

"అన్నియ్యా, నువ్వు దేవుడిలాగ వచ్చినావు. నాలుగు మాటలు రాసీ" అన్నాడు నా పక్కన కూలబడి.

"ఏటి మీద? రోడ్ల మీదా, నీళ్ళ మీదా?"

"రోడ్డెవులిక్కావాలన్నియ్యా! నీటుగా మాటాడితే ఫోన్లో పక్కకి తోసేస్తన్నారు. ఆ పార్వతమ్మ మీద రాయాలి."

పార్వతమ్మ ఎదుటి పార్టీ నాయకురాలు. అరసవల్లిలో కుట్టుమిషను దుకాణం నడుపుకుంటూ పైకొచ్చిన మనిషి. పదిరోజుల కిందట ఆమె ఒక మీటింగులో మా గోపిని 'కండువాల బీరువా' అందట. అది విన్నప్పటి నుంచీ జిల్లాలో వాడికి అదే పేరు. ఆ బిరుదు వినగానే నాలోని హాస్యరచయితకి కడుపు మండింది. అంత మంచి మాట, వాడితో యాభై ఏళ్ళుగా తిరుగుతున్న నాకు తట్టకుండా ఎవరో బట్టలు కుట్టే ఆవిడకి తట్టడమేమిటి! నేను జారిపడింది సరిగ్గా అక్కడ. కోపంతో కాదు, అసూయతో.

అరగంటలో రాసిచ్చాను. ఆ వాక్యం ఇక్కడ రాయను. అది ఆవిడ కుట్టుమిషను దగ్గర మొదలై ఆవిడ గుణం దగ్గర ముగుస్తుంది, అంతవరకే చెబుతాను. అందులో ఒక్క బూతుమాట లేదు. టీవీవాడు కూత వేద్దామన్నా వేలు పెట్టడానికి సందు దొరకదు. బూతు మాట వాడకుండా బూతు పలికించానని నన్ను నేను మెచ్చుకుని, రెండుసార్లు పైకి చదువుకుని నవ్వుకున్నాను కూడా. గోపి దాన్ని గాయత్రిలాగ జపించుకుంటూ వెళ్ళాడు.

సభకి నేను వెళ్ళలేదు. మర్నాడు పొద్దున్నకే అది అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. గోపి పూలదండతోనే ఇంటికొచ్చాడు. పదవి ఖాయమైందట. పెద్ద నాయకుడు వేదిక మీద పొట్ట పట్టుకుని నవ్వాడట. వాడు ఫోను పెద్దమ్మ చెవి దగ్గర పెట్టి వినిపించాడు. మైకులో మా గోపి గొంతు, ఆ వాక్యం, ఆ వెంటనే జనం ఈలలు. ఆడవాళ్ళ నవ్వులు కూడా స్పష్టంగా వినబడ్డాయి. పెద్దమ్మ మొదట చెయ్యి చెవికి ఆనించుకుని విన్నది, తర్వాత బోసినోటితో కిలకిలా నవ్వింది. నవ్వుతూనే అడిగింది.

"ఆయమ్మకి పిల్లలున్నారేటి?"

"ఒక్కర్తే ఆడగుంట, కాలేజీలో సదువుతన్నాది" అన్నాడు గోపి దండ తీసి మేకుకి తగిలిస్తూ.

పెద్దమ్మ నవ్వు సగంలో ఆగింది. ముఖం మీద గీతలన్నీ నవ్వులోనే ఉన్నాయి, నవ్వు మాత్రం లేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "ఓలమ్మో, నానూ నవ్వినాను" అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇది ఈడి బుర్రలో పుట్టింది కాదు. ఈడికంత తెలివేదీ? నువ్వేనా?"

నేను పైకప్పు చూశాను.

"ఎల్లు. ఇప్పుడే ఎల్లు" అంది.

"అమ్మా, పదవి పోతాదే!" అని గోపి లబలబలాడాడు. "అన్నియ్య ఎల్లి రాసింది నానేనంటే అక్కడ కూడా ఈడియో తీస్తారు. నా పరువేటవుతాది?"

"మీ అయ్యకి పదవొచ్చిందేటి? ఆడు సచ్చేదాకా ఊళ్ళో తలెత్తుకుని తిరగనేదా?" అంది పెద్దమ్మ. నేను బయలుదేరుతూంటే గోపి గుమ్మం దాకా వచ్చి, "అన్నియ్యా, ఆరోగ్యం బాగోనేదని సెప్పి ఇంటికెల్లిపో, అమ్మకి నాను సర్దిసెప్తాను" అని గొణిగాడు. బస్సెక్కాక, నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు రెండు మూడుసార్లు నచ్చింది.

అయినా అరసవల్లిలో దిగాను. పార్వతమ్మ ఇల్లు అడిగితే ఆటోవాడు ముందు నవ్వి, తర్వాత దారి చూపించాడు. ఆ నవ్వెందుకో నాకు తెలుసు. ముందుగదిలో ఆమె ఇద్దరు కార్యకర్తలతో మాట్లాడుతోంది. నేను ఫలానా అని చెప్పి, బస్సులో వందసార్లు వల్లించుకున్నది మరిచిపోయి, "అమ్మా, నిన్న సభలో మా తమ్ముడన్న మాట రాసింది నేను. తప్పయిపోయింది" అన్నాను. చెప్పుతో కొడుతుందనుకున్నాను. కొడితే బాగుంటుందని కూడా అనుకున్నాను.

ఆవిడ చప్పట్లు కొట్టింది. "అదీ సంగతి! నాననుకుంటన్నాను, బీరువాకి ఇంత మంచి మాటెలా తట్టిందబ్బా అని! కూకోండి కూకోండి. ఒసే, టీ పట్రాయే" అని లోపలికి కేకేసింది. నేను నిలబడే ఉన్నాను.

"అమ్మా, నేను క్షమాపణ చెప్పడానికొచ్చాను."

"దానికేటండీ, రాజకీయమన్నాక మామూలే. మేం మాత్రం ఊరుకుంటన్నామేటి? ఆదివారం మాదీ సభ ఉన్నాది. పెద్దోల్లొస్తన్నారు." కొంచెం ముందుకు వంగి గొంతు తగ్గించింది. "మీరు ఆడి అన్నగారు కదా, ఆడింటి సంగతులు మీకు తెలిసినట్టు ఎవులికి తెలుస్తాయి? మాకూ రెండు రాసీండి."

నా చెవులు నేను నమ్మలేకపోయాను. తిట్టు తిన్న మనిషి తిట్టినవాడి చేత తిట్లు రాయించుకోవాలని చూస్తోంది. నేను అనవలసిన మాట అనేశాను. దాన్ని అందుకోవలసిన మనిషే లేదు. క్షమాపణ చేతిలో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాను. ఇంతలో ఎవరిదో ఫోను మోగింది, ఆవిడ మాట్లాడుతూ వాకిట్లోకి వెళ్ళింది. కార్యకర్తలు వెనకే వెళ్ళారు.

లోపల్నుంచి కూతురు టీ పట్టుకొచ్చింది. పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. కాలేజీ వేళ, అయినా ఇంట్లోనే ఉంది. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోకుండా అక్కడే నిలబడింది.

"మీరే రాశారా అంకుల్?"

"అవునమ్మా."

"మా క్లాసులో అందరికీ వచ్చేసింది. పొద్దున్న బస్సులో ఎవరో పాటలాగ పాడారు. సగం దారిలో దిగిపోయి వచ్చేశాను. అమ్మకి చెప్పలేదు." గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. నిజంగా తెలుసుకుందామన్నట్టు నా కళ్ళలోకి చూసింది. "రాసేటప్పుడు నవ్వొచ్చిందా?"

అబద్ధాలు పెంచి రాయడం నా వృత్తి. రాలేదని చెప్పడానికి నాకు ఒక్క క్షణం చాలు. వాకిట్లో ఆ పిల్ల తల్లి ఎవరితోనో ఫోనులో గట్టిగా నవ్వుతోంది.

"వచ్చిందమ్మా" అన్నాను.